పళ్ళెంలో మిగిలిన ఇరవై తొమ్మిది

కుజిహారా
సెప్టెంబరు 12

మోరిహికో మామయ్యా,

కుజిహారా పురపాలక కార్యాలయంలో కంప్యూటర్ విభాగాధిపతి కురమోచి, మా నీటి సంఘం యంత్రం గొంతు నొక్కిపట్టి ఆ సంగతి మాకు చెప్పకుండా దాచాడు. అందువల్ల ఈ నెల తొమ్మిదో తేదీ మధ్యాహ్నం షిమోదా పల్లె పొలాలు కోతకు పది రోజుల ముందు నీట మునిగాయి. నింద మాత్రం తోకుజో తాత మీద పడింది.

ఉత్తరం ఇలా మొదలుపెట్టకూడదని నాకూ తెలుసు. ముందు ఋతువు గురించి రెండు మాటలు రాయాలి, నీ ఆరోగ్యం అడగాలి, ఆ తర్వాత సంగతికి రావాలి. అవన్నీ రాశాననుకో. చెయ్యి రావడం లేదు. కాగితం మీదే ఎందుకు రాస్తున్నానో నువ్వే అర్థం చేసుకోగలవు. ఊరి మెయిల్ కూడా కురమోచి చేతికింద ఉన్న ఆ సర్వర్ గుండానే పోతుంది.

నువ్వు యమగాటా వెళ్ళి మూడేళ్ళయింది. అంతకుముందు ఆ సర్వర్ నీ చేతులమీదుగానే నడిచింది కాబట్టి దాని సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఒకే పెద్ద యంత్రం, దాని లోపల ఆరు వర్చువల్ మెషీన్లు. ఒకే ఇంట్లో ఆరు కాపురాలు. ఆసుపత్రి, బియ్యంతో సాకే సారా కాచే బట్టీ, బడి, గ్రంథాలయం, వ్యవసాయ గిడ్డంగి, ఆరోది మా నీటి సంఘం. మా దాంట్లో నేను రాసిన ప్రోగ్రాం నడుస్తుంది. పైన కొండల్లో ఎంత వాన పడిందో తీసుకుని, నది ఎన్నింటికి ఎంత ఎత్తు లేస్తుందో లెక్కకట్టి, నదినీళ్ళు కాలవలోకి ఎగదన్నకుండా అడ్డుతలుపు ఎప్పుడు దించాలో చెబుతుంది. లెక్క రాకముందు తలుపు దించకూడదని కిందటేడు కురమోచి ముద్ర వేసి మరీ ఉత్తర్వు ఇచ్చాడు. నలభై ఏళ్ళుగా నదిని వాసన చూసి తలుపు దించిన తోకుజో తాత, ఆ కాగితాన్ని గది గోడకి అంటించుకుని దానికి లోబడ్డాడు.

తొమ్మిదో తేదీ ఒంటిగంటకి లెక్క మొదలైంది. ఇరవై నిమిషాల పని అది. తాత తలుపు పక్కన గొడుగు వేసుకుని నిలబడి, "ఏవే పిల్లా, నీ పెట్టె ఇంకా పళ్ళు తోముకుంటోందా? నది మొహం కూడా కడిగేసుకుంది," అని ఫోన్లో అరుస్తున్నాడు. నేను ఆగమన్నాను. మూడు సార్లు ఆగమన్నాను. లెక్క నాలుగూ నలభైకి వచ్చింది. రెండున్నరకే దించాలట. అప్పటికి షిమోదా వరి వెన్నుల దాకా బురదనీళ్ళు.

మర్నాడు యంత్రం లోపలి పట్టీలు తీసి చూశాను. మాకు రావలసిన సమయం మాకు రాకుండా ఎంత పోయిందో చూపే గడి ఒకటి ఉంటుంది. నూటికి తొంభై ఒకటి. అంటే మాకు దక్కింది తొమ్మిది. ఆ మధ్యాహ్నం తుఫానని బడి మూసేశారు, గ్రంథాలయం మూసేశారు, గిడ్డంగిలో పురుగు కూడా లేదు. ప్రాసెసర్లు ఖాళీగా కూర్చుని ఉండగా మేము ఊపిరాడక చచ్చాం. చిన్న వానలకి చిన్న లెక్కలు కాబట్టి ఇన్నాళ్ళూ నేను గమనించలేదు. అది నా తప్పు, ఒప్పుకుంటాను. తక్కింది కురమోచిది.

నేరుగా ఆయన దగ్గరికే వెళ్ళాను.

"మా యంత్రానికి పరిమితి పెట్టారా?"

"అందరికీ ఉంది, ఇబుకి గారూ."

"మాకెంత?"

"అది వాడుకునేవాళ్ళు చూసే పేజీ కాదండీ."

"మరి ఎవరు చూసేది?"

"చూడవలసినవాళ్ళు," అన్నాడు. టీ ఇచ్చి మరీ అన్నాడు మామయ్యా. పక్కన బియ్యపు అప్పచ్చి కూడా పెట్టాడు.

అక్టోబరు పంతొమ్మిదిన సంఘం సమావేశం. అడ్డుతలుపు తాళంచెవి తోకుజో తాత దగ్గర్నుంచి తీసుకుని, తలుపుకి మోటారు బిగించి, కురమోచి విభాగానికి అప్పగించాలని తీర్మానం రాసి పెట్టారు. నాలుగు తరాలుగా ఆ ఇంట్లో దేవుడి అరలో ఉంటున్న తాళంచెవి. ముసలాయన ఆలస్యం చేశాడట, అందుకని.

నాకు ఒకే ఒక్క మాట కావాలి. ఆ తొమ్మిది ఎవరు పెట్టారు? ఎప్పుడు? నువ్వు అక్కడే ఉన్నావు. చెప్పు.

ఇబుకి


యమగాటా
సెప్టెంబరు 20

అమ్మడూ ఇబుకీ,

పొలంగట్ల మీద ఎర్ర లిల్లీలు ఒక్కరాత్రిలో లేచి నిలబడే రోజులు వచ్చాయి. ఇక్కడ మా ఇంటి ముందు తీగ మీద పొద్దున్నే ఎర్ర తూనీగలు బారులు తీరుతున్నాయి. గాలి మారింది, నీకు చిన్నప్పటి దగ్గు ఉంది కాబట్టి మెడకి గుడ్డ చుట్టుకో. వేరుగా ఒక పెట్టె ద్రాక్షపళ్ళు పంపాను. అత్తయ్య ఏరి పెట్టింది.

షిమోదా సంగతి విని చాలా బాధ కలిగింది. తోకుజో గారి మోకాలు ఎలా ఉంది? ఆయన మనసు నొచ్చుకోకుండా చూసుకో.

నువ్వు అడిగినదానికి వస్తే, పరిమితులు ఎవరినో ఏడిపించడానికి పెట్టినవి కావు. సర్వర్ వచ్చిన మొదటి ఏడు బడి పిల్లలు తమ దాంట్లో ఏదో ఆట నడిపారు. ఆ ఆట ప్రాసెసర్లన్నీ మింగేసింది. గంటసేపు ఆసుపత్రిలో రోగుల పట్టీ తెరుచుకోలేదు. డాక్టర్ మినెగిషి గారు చీకట్లో నిలబడ్డట్టు నిలబడ్డారు. ఒకే ఇంట్లో ఆరు కాపురాలని నువ్వే రాశావు. ఒక కాపురం నీళ్ళ పంపు విప్పి వదిలేస్తే తక్కినవాళ్ళు ఏం కావాలి? అందుకే హద్దులు. కురమోచి చెడ్డవాడు కాడు. భయస్తుడు. భయస్తుడికి కాగితం కావాలి, అంతే.

కోపం మంచిదే. కానీ కోపాన్ని కొంచెం ఆరబెట్టి వాడుకోవాలి, పచ్చికట్టెలా పొయ్యిలో పెడితే ఇల్లంతా పొగే. పంతొమ్మిదికి ఇంకా నెల ఉంది. పెద్దవాళ్ళు ఆలోచిస్తారు.

మామయ్య


కుజిహారా
సెప్టెంబరు 24

మామయ్యా,

ద్రాక్షపళ్ళు అందాయి. తాతకి ఇచ్చేశాను. అత్తయ్యకి నా నమస్కారం.

ఎర్ర తూనీగల గురించి నేను అడగలేదు. ఎవరు పెట్టారని అడిగాను. నువ్వు రెండు పేజీలు రాసి ఆ ఒక్కటీ వదిలేశావు. గట్టు మీద నుంచి పారుతున్న నీళ్ళని చూసి "ఎంత బాగుందో" అన్నట్టుంది నీ ఉత్తరం. ఆ నీళ్ళు మా ఇంట్లోకే పారుతున్నాయి మామయ్యా.

హద్దులు వద్దని నేను ఎప్పుడన్నాను? ఆసుపత్రి వాటా ఎవరూ ముట్టుకోకుండా అడుగున రాయి వేద్దాం, నేనే మోస్తాను ఆ రాయి. నేను అడిగేది వేరే. ఎవరి హద్దు వాళ్ళు చూసుకోవాలి. ఎవరి హద్దు వాళ్ళు పెట్టుకోవాలి. అందరి హద్దులూ అందరికీ కనపడాలి. వాన వచ్చిన రోజు నాకు ఎక్కువ కావాలంటే నా చేత్తో నేను పెంచుకోవాలి, అది మిగతా అయిదుగురూ చూస్తూ ఉండాలి. ఖాళీగా ఉన్నది ఖాళీగా ఉండకూడదు. ఇందులో ఏం పొగ ఉంది?

గ్రంథాలయం వెనక గదిలో పాత కరపత్రాల కట్టలున్నాయి, నీకు గుర్తుందా. కౌలు రైతులు చేత్తో అచ్చు గుద్దినవి. రోజూ సాయంత్రం అవే చదువుతున్నాను. మన గుండ్రటి తొట్టి కట్టిన ఏడాదిది ఒకటి దొరికింది. అంతకుముందు మూడు పల్లెలూ నీళ్ళ కోసం పలుగులతో తలలు పగలగొట్టుకునేవాళ్ళు. కాలవ తూము తాళం ఒక్క భూస్వామి చేతుల్లో ఉండేది. ఆ కరపత్రంలో ఉంది: తాళం ఒక్కడి దగ్గర ఉన్నంతకాలం మనం తాగేది నీరు కాదు, వాడి దయ. అందుకని తొట్టి కట్టారు. నీళ్ళు నడిమధ్యన పైకి ఉబికి, గుండ్రంగా అంచు మీంచి పొర్లి, పల్లెకి ఒక గదిలో పడతాయి. ఎవరి గది ఎంత వెడల్పో చిన్నపిల్ల కూడా చూసి చెప్పగలదు. ఎవరైనా తమ గదికి పలక అడ్డంపెట్టి నీళ్ళు పక్కవాళ్ళకి వదలాలంటే, అందరూ చూస్తుండగా పెట్టాలి, తీయాలి. తొంభై ఏళ్ళ కిందట సిమెంటుతో చేసిన పని ఇవాళ మనం యంత్రంలో చేసుకోలేమా?

సంతకాల కోసం ఇల్లిల్లూ తిరిగాను. తలుపు తీసి, కూర్చోమని, ఊరగాయ పెట్టి, "అవునమ్మా, ఆలోచించవలసిన విషయమే," అన్నారు. పదకొండు ఇళ్ళు, పదకొండు ఊరగాయలు, ఒక్క సంతకం లేదు. ఉప్పు ఎక్కువై కాళ్ళు వాచాయి.

తాత ఇంటికీ వెళ్ళాను. తాళంచెవిని నూనెగుడ్డతో తుడుస్తున్నాడు.

"తాతా, సమావేశంలో నువ్వు నిలబడి చెప్పు. లెక్క ఆలస్యమైంది, నేను కాదు అని చెప్పు."

"చెప్పను."

"ఎందుకని?"

"తప్పు నాదే కాబట్టి."

"నీదెలా అవుతుంది? ఆగమన్నది నేను."

"నీకు తెలీదులేవే. ద్రాక్షపళ్ళు తిను, మీ మామయ్య మంచివి పంపాడు," అని మొహం తిప్పుకున్నాడు.

మామయ్యా, ఆ ముసలాయన ఏదో దాస్తున్నాడు. నువ్వూ దాస్తున్నావు. ఇద్దరూ ఒకే మూట చెరో చివరా పట్టుకున్నట్టుంది. పంతొమ్మిదిన ఆయన చేతిలోంచి తాళంచెవి తీసుకున్నాక, ఆ ఇంటి దేవుడి అరలో ఏం మిగులుతుందో ఆలోచించు.

ఇబుకి


యమగాటా
అక్టోబరు 1

ఇబుకీ,

ఈసారి తూనీగలు రాయను.

ఆ తొమ్మిది నేనే పెట్టాను. ఏడేళ్ళ కిందట, ఈ వేళ్ళతోనే మీట నొక్కాను. కురమోచి అప్పుడు నా కింద గుమాస్తా. వాడుకునేవాళ్ళు తమ పరిమితి తామే చూసుకుని మార్చుకునే పేజీ ఆ సాఫ్ట్‌వేర్‌తోనే వచ్చింది. దాన్ని మూసింది కూడా నేనే. ఒక్క టిక్కు తీసేస్తే చాలు, పేజీ ఎవరికీ కనపడదు. నేను తీసేశాను. కురమోచి నా తర్వాత వచ్చి, నేను ఎలా వదిలానో అలాగే కాపాడుతున్నాడు. అతన్ని తిట్టినప్పుడల్లా నువ్వు నన్నే తిడుతున్నావని తెలుసుకో.

దీనితో మడిచిన చిన్న చీటీ పెట్టాను. అందులో నా పాత పాస్‌వర్డ్ ఉంది. మార్చి ఉండరని నా నమ్మకం, ఆ ఆఫీసు సంగతి నాకు తెలుసు. మళ్ళీ పెద్ద వాన వస్తే లోపలికి వెళ్ళి మీ హద్దు పెంచుకో, వాన తగ్గాక మళ్ళీ తొమ్మిదికి దించేయ్. ఎవరికీ చెప్పకు. అందరి పరువూ నిలుస్తుంది.

తోకుజో గారిని ఇంకేమీ అడగకు. ఇది నా మనవి.

మామయ్య


కుజిహారా
అక్టోబరు 4

మామయ్య గారికి,

నువ్వా.

నాకు మొట్టమొదట కీబోర్డు మీద చేతులు పెట్టించినవాడివి నువ్వు. "యంత్రం అబద్ధం ఆడదు, దాని వెనక మనిషిని చూసుకో," అన్నవాడివి నువ్వు. చూసుకున్నాను. మూడు వారాలు కురమోచి కిటికీ కింద సైకిలు ఆపి పళ్ళు కొరుక్కున్నాను. ఆ కిటికీ యమగాటాలో ఉందని నాకేం తెలుసు.

చీటీ విప్పలేదు. మడత మీద మడత అలాగే ఉంది, చూసుకో, ఇదే కవరులో తిరిగి పంపుతున్నాను. దొంగచాటుగా నేను తొమ్మిదిని తొంభై చేసుకుంటే, ఇంకెవరి యంత్రమో ఎందుకు నెమ్మదించిందో వాళ్ళకి తెలియదు. వాళ్ళు ఏ ముసలాయన మీద నింద వేస్తారో నాకు తెలియదు. అప్పుడు నాకూ కురమోచికీ తేడా ఏముంది? నాకూ నీకూ తేడా ఏముంది? పరువు నిలుస్తుందన్నావు. షిమోదాలో వరి నిలబడలేదు మామయ్య గారూ. పడుకున్న వెన్నులు మొలకెత్తుతున్నాయి. ఒరియె గారు, సాకే బట్టీ ఆవిడ, ఆ పొలాల బియ్యం కోసమే ఏడాదంతా కాచుకుని ఉంటుంది. నిన్న గట్టు మీద నిలబడి ఒక వెన్ను చేత్తో నలిపి వాసన చూసి, జేబులో వేసుకుని వెళ్ళిపోయింది.

ఇంకో సంగతి. పంతొమ్మిదిన సమావేశం జరగదట. గ్రామ భవనంలో రెండో అంతస్తు గదికి మరమ్మతట. అంతమందీ ఒకచోట చేరి మాట్లాడుకోవడం కురమోచికి ఇష్టంలేదు, కాబట్టి తాళంచెవి తీర్మానం అట్టకి బిగించి ఇంటింటికీ తిప్పుతారట. సంతకానికి బదులు ఇంటి ముద్ర వేసి పక్కింటికి పంపడమే. మన ఊరి సంగతి నీకు తెలుసు. పైన పది ముద్రలున్న కాగితం మీద పదకొండోవాడు ముద్ర వెయ్యకుండా ఉంటాడా?

చివరిసారి అడుగుతున్నాను. తొమ్మిది అనే అంకె నీ బుర్రలో ఎక్కడినుంచి ఊడిపడింది? ఎనిమిది ఎందుకు కాదు, పదహారు ఎందుకు కాదు? ఈసారి కూడా చెప్పకపోతే ఇక నాకు ఉత్తరం రాయకు. ద్రాక్షపళ్ళు అసలే వద్దు.

ఇబుకి


యమగాటా
అక్టోబరు 9

ఇబుకీ,

చీటీ అందింది. పొయ్యిలో వేశాను. నీ ఉత్తరం అత్తయ్య కూడా చదివింది. "పిల్ల చెప్పింది నిజం, మీరు చెప్పింది మర్యాద," అంది. ఆ మాట పడ్డాక ఇంక దాచలేను.

సర్వర్ వచ్చిన ఏడాది, పిల్లల ఆట గొడవ అయ్యాక, ఎవరికి ఎంత ప్రాసెసర్ కావాలో వాళ్ళనే అడుగుదామన్నాను. మంచి ఉద్దేశమే. ఒక కాగితం అట్టకి బిగించి ఆరుగురికీ తిప్పాను. తప్పు అక్కడ జరిగింది. విడివిడిగా అడగలేదు, అట్ట తిప్పాను.

మొదట ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టర్ మినెగిషి గారు, ఆ ఆట గొడవకి కారణం బడి పిల్లలు కాదు తానే అన్నట్టుగా సిగ్గుపడి, పద్నాలుగు రాశారు. ఆమెకి నిజంగా ముప్పై కావాలి, నాకు తెలుసు. తర్వాత ఒరియె గారు. డాక్టరు పద్నాలుగు రాసిన కాగితం మీద బట్టీ పద్నాలుగు రాస్తుందా? పదమూడు. బడి పన్నెండు. గ్రంథాలయం కూడా పన్నెండు. గిడ్డంగి పదకొండు. చివరికి నీటి సంఘం. తోకుజో గారు కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందికి రెండుసార్లు చదివి, తొమ్మిది రాసి, పక్కన చిన్నక్షరాలతో "ఇదీ ఎక్కువేనేమో, అవసరమైతే తగ్గించండి" అని రాసి ముద్ర వేశారు.

మొత్తం కూడితే డెబ్భై ఒకటి. ఇరవై తొమ్మిది మిగిలింది, ఎవరిదీ కాకుండా. విందులో చివరి ముక్క పళ్ళెంలో మిగిలిపోతుంది చూడు. అందరికీ ఆకలే, ఎవరూ చెయ్యి చాపరు, చివరికి అది ఎండి వంటింట్లోకి వెళుతుంది. ఏడేళ్ళుగా ఆ ఇరవై తొమ్మిది అలా ఎండుతోంది.

అది మర్యాదని నాకు ఆ రోజే తెలుసు. అంకెలు కావవి, తలవంచి పెట్టిన నమస్కారాలు. నేను వాటిని అంకెలుగా యంత్రంలోకి ఎక్కించాను. పైగా గట్టి హద్దుగా పెట్టాను, పక్కన ఎంత ఖాళీ ఉన్నా దాటడానికి వీల్లేకుండా. ఎందుకంటే అడిగితే చూపించడానికి నా దగ్గర ముద్రలున్న కాగితం ఉంది. తర్వాత, ఒకరి అంకె ఒకరు చూసి నొచ్చుకుంటారేమోనని పేజీ మూశాను. భయస్తుడికి కాగితం కావాలని కురమోచి గురించి రాశాను కదా. అతను ఆ విద్య నా దగ్గరే నేర్చుకున్నాడు.

తోకుజో గారికి తను రాసిన తొమ్మిది గుర్తుంది. అందుకే తప్పు నాదే అంటున్నారు. వరద వచ్చిన సాయంత్రమే నాకు ఫోన్ చేశారు. "మోరిహికో, ఆ కాగితం బయటికి తీయకు, డాక్టరమ్మ తలదించుకోవాల్సి వస్తుంది," అన్నారు. అందుకే నీకు తూనీగల గురించి రాశాను.

అసలు కాగితం నా దగ్గరే ఉంది. ఏం చెయ్యమంటావో చెప్పు.

మామయ్య


కుజిహారా
అక్టోబరు 13

మామయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కోపం తగ్గుతుందేమోనని చూశాను. తగ్గలేదు, చోటు మారింది.

ఉత్తరం చేత్తో పట్టుకునే తాత ఇంటికి వెళ్ళాను. చేమదుంపల పులుసు కలుపుతున్నాడు.

"తాతా, తొమ్మిది నువ్వే రాశావట."

గరిటె ఆగింది. "వాడు చెప్పాడా? నోట్లో నువ్వుగింజ నానదు వెధవకి."

"ఎందుకు రాశావు?"

"ఏం రాయమంటావే? ప్రాణాలు నిలబెట్టే డాక్టరమ్మ పద్నాలుగుతో సరిపెట్టుకుంది. తలుపు ఎత్తి దించేవాణ్ణి, నేను ముప్పై రాస్తే ఊళ్ళో మొహం ఎక్కడ పెట్టుకోను?"

"ప్రాసెసర్ అంటే ఏంటో తెలుసా నీకు అప్పుడు?"

"నాకేం తెలుసు. పంచుకు తినేదేదో అని తెలిసింది. పంచుకు తినేదాంట్లో చివర కూర్చున్నవాడు తక్కువ వడ్డించుకోవాలి. అంతే నాకు తెలిసింది."

"మరి వరదలో మునిగింది నీ ఒక్కడి వాటానా? షిమోదాలో పద్దెనిమిది ఇళ్ళు. వాళ్ళ తరఫున నువ్వెవరు మర్యాద చెయ్యడానికి?"

పెద్దాయనతో అలా మాట్లాడకూడదు. మాట్లాడాను. ఆయన గరిటె కింద పెట్టేశాడు. పులుసు మాడువాసన వచ్చింది. "నువ్వన్నది నిజమే," అన్నాడు. "నా తిండైతే నేను తగ్గించుకోవచ్చు. వాళ్ళది తగ్గించాను." తర్వాత, "డాక్టరమ్మ మాత్రం—" అన్నాడు.

"డాక్టరమ్మ దగ్గరికీ వెళతాను," అన్నాను.

వెళ్ళాను. మినెగిషి గారు కాగితం సంగతి విని కుర్చీలో వెనక్కి వాలారు. "నా పద్నాలుగు చూసి మిగతావాళ్ళు తగ్గించారా?" అని ఒకటికి రెండుసార్లు అడిగారు. ఏడేళ్ళుగా పొద్దున్నపూట పట్టీలు నెమ్మదిగా తెరుచుకుంటుంటే, తన కంప్యూటర్ పాతదైపోయిందనుకుని రోగులకి క్షమాపణలు చెప్పుకుంటున్నారట. అక్కడినుంచి బట్టీకి వెళ్ళాను. ఒరియె గారు వినగానే నవ్వేసింది.

"చలికాలం మూడు నెలలు తప్పిస్తే మాకు ఆరు చాలు, ఇబుకీ."

"మరి పదమూడు ఎందుకు రాశారు?"

"డాక్టరు గారి కన్నా ఒకటి తక్కువ. మరీ తక్కువ రాస్తే ఆవిణ్ణి దెప్పినట్టుంటుందని."

విన్నావా మామయ్యా. ముప్పై కావాల్సినావిడ పద్నాలుగు, ఆరు చాలినావిడ పదమూడు, వానరోజు అరవై కావాల్సిన ముసలాయన తొమ్మిది. ఆ కాగితం మీద ఒక్క అంకె నిజం కాదు. ఆరు ముద్రలు మాత్రం నిజం. నువ్వు ముద్రల్ని నమ్మావు.

మర్యాద తప్పని నేను అనను. ఊరగాయ పెట్టిన పదకొండు ఇళ్ళనీ నేను తిట్టను. నాకు కోపం ఆ మర్యాదకి తాళం వేసిన చేతుల మీద. నమస్కారం పెట్టిన మనిషి మళ్ళీ తలెత్తుతాడు. తలెత్తకుండా ఏడేళ్ళు మెడ నొక్కి ఉంచింది నువ్వు, నీ తర్వాత కురమోచి. చూసుకునే పేజీ తెరిచి ఉంటే మొదటి చలికాలమే డాక్టరు గారు అది చూసి, "అయ్యో, నాకు చాలడం లేదు," అనేవారు. పక్కనే ఇరవై తొమ్మిది ఖాళీగా కనపడేది. తాత కూడా తుఫాను రోజు తన చేత్తో ఒక గీత పైకి జరిపేవాడు. తన చేత్తో తను, అందరూ చూస్తుండగా. ఇంతకన్నా నేనేమీ అడగడం లేదు.

ఇంక అసలు సంగతి. తాళంచెవి అట్ట బయలుదేరింది. బుధవారం మా ఇంటికి వచ్చింది. దాని మీద అప్పటికే పంతొమ్మిది ముద్రలు. మా తర్వాత ఇరవై మూడు ఇళ్ళు. నేను ముద్ర వెయ్యలేదు, పక్కింటికి ఇవ్వలేదు. అట్ట మా ఇంట్లో ఆగిపోయింది. ఈ ఊళ్ళో అట్ట ఆపినవాళ్ళు ఎవరూ లేరని మా ఇంట్లో అమ్మమ్మ గొడవ. పక్కింటి హయసాకా గారు రోజూ వచ్చి, "అట్ట ఏమైనా వచ్చిందా అమ్మా," అని అడిగి వెళుతున్నారు. వచ్చిందని చెబుతున్నాను. "అలాగా," అని వెళ్ళిపోతున్నారు. నిన్న వెళుతూ వెళుతూ ఆగి, "నేను కూడా తొందరపెట్టడం లేదులే," అన్నారు. ఒక్క సంతకం కోసం పదకొండు ఊరగాయలు తిన్నాను కదా, ఈ మాట వాటన్నిటి ఎత్తు.

అట్టని ఇక ఇంటింటికీ పోనివ్వను. ఒకరి ముద్ర కింద ఇంకొకరు ముద్ర గుద్దుకుంటూ పోతే, మళ్ళీ అదే తొమ్మిది. ముద్ర వెయ్యాలంటే నలుగురి మొహాలూ చూస్తూ వెయ్యాలి, వద్దంటే నలుగురి మొహాలూ చూస్తూ వద్దనాలి. గదికి మరమ్మతు అంటున్నారు కాబట్టి గది మాకు అక్కర్లేదు.

కురమోచికి కూడా ఉత్తరం రాశాను. భయపడకు, ఋతువు పలకరింపుతో మొదలుపెట్టాను, పండుటాకుల రంగు గురించి నాలుగు వాక్యాలు. టిక్కు మళ్ళీ పెట్టండి, కానీ ఆఫీసులో ఒంటరిగా పెట్టకండి, ల్యాప్‌టాప్ తీసుకుని వచ్చి అందరి ముందూ పెట్టండి అని రాశాను. ఆయన వస్తే అప్పచ్చి నేను పెడతాను. రాకపోతే టిక్కు మీద ఎవరి వేలుందో ఊరంతా చూస్తుంది.

డాక్టరు గారు వస్తున్నారు, తన అంకె తనే గట్టిగా చదువుతారట. ఒరియె గారు ఆరు అని అరుస్తానంది. తాత తాళంచెవిని మెడలో వేసుకుని వస్తాడు. తొమ్మిది ఎందుకు రాశాడో తనే చెబుతానన్నాడు, ఇంకెవరి నోటా అది వినపడకూడదట. ఆ తర్వాత తాళంచెవి ఉంచుతారో తీసుకుంటారో ఊరి ఇష్టం. కానీ నిజమైన తప్పు తెలిశాకే తీసుకోవాలి.

ఇంక నువ్వు మిగిలావు. ఏం చెయ్యమంటావని అడిగావు. ఆ కాగితం తీసుకుని రా. టపాలో పంపకు, చేత్తో పట్టుకుని రా. "ఇది నేను తిప్పాను, ఇది నేను మూశాను," అని చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. నీ బదులు నేను చెప్పను. ఏడున్నర రైలు ఎక్కితే సరిపోతుంది, స్టేషన్‌కి సైకిలు పంపిస్తాను.

అక్టోబరు పంతొమ్మిది, ఆదివారం, గుండ్రటి తొట్టి దగ్గర. తొట్టి చుట్టూ నిలబడితే ఎవరూ ఎవరి వెనకా ఉండరు. ఉదయం పది గంటలకి అందరం అక్కడ ఉంటాం. రా.

ఇబుకి